వైట్‌బోర్డు ముందు ఆగిపోయిన చెయ్యి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పెట్టే కోడింగ్ టెస్టుల గురించే. కొన్ని కోపంతో రాసినవి, కొన్ని దిగులుతో రాసినవి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు పెట్టి, ఈసారి నాలుగు ఉత్తరాలకే జవాబు రాస్తున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది. ఆ ఉత్తరం చదివాక క్లుప్తంగా రాయడం నావల్ల కాలేదు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు ఎనిమిదేళ్ల అనుభవం ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తాను. నెలాఖరున బిల్లులన్నీ తయారుచేసే ప్రోగ్రామ్ ఆరు గంటలు నడిచేది. దాన్ని నలభై నిమిషాలకు తెచ్చింది నేనే. ఉద్యోగం మారదామని నాలుగు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. ఏడు చోట్ల ఆన్‌లైన్ టెస్ట్ రాశాను. ఒక్కచోట కూడా మనిషితో మాట్లాడే రౌండ్ దాకా వెళ్లలేదు. మొన్నటి టెస్టులో 70 నిమిషాలకు మూడు ప్రశ్నలు. రెండోదానిలో 15 టెస్ట్ కేసులకు (కోడ్‌ను పరీక్షించే ఇన్‌పుట్‌లకు) 11 పాసయ్యాయి. మిగతా నాలుగు ఎందుకు పోయాయో చూపించరు. మర్నాడు పొద్దున్నే రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. పాప పడుకున్నాక రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇప్పటికి 240 ప్రాబ్లమ్స్ చేశాను. నిన్న లాప్‌టాప్ మూసేసి ఏడ్చాను. నిజంగా నాకు పని రాదా?
(పేరు వేయవద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. మీకు పని వచ్చు. ఆరు గంటల పనిని నలభై నిమిషాలకు తేవాలంటే సమయం ఎక్కడ పోతోందో కొలిచి చూడాలి. ఏ క్వెరీ (డేటా కోసం అడిగే ప్రశ్న) ఒక్కో బిల్లుకు ఒక్కోసారి డేటాబేస్ దగ్గరకు పోయి వస్తోందో పట్టుకోవాలి. మార్చిన తర్వాత ఏ బిల్లులోనూ ఒక్క అంకె తేడా రాకూడదు. ఇది చేసిన మనిషికి పని రాదని 70 నిమిషాల టెస్ట్ చెప్పలేదు. ఆ టెస్ట్ ఇవేవీ అడగలేదు కాబట్టి.

నేను 19 ఏళ్లుగా ప్రోగ్రామింగ్ చేస్తున్నాను. అందులో 11 ఏళ్లుగా ఇంటర్వ్యూలు కూడా చేస్తున్నాను. నా ఆరో ఏడు అనుభవం ఒకటి చెబుతాను. ఇంటర్వ్యూ గదిలో వైట్‌బోర్డు, నా వెనక కుర్చీల్లో ఇద్దరు. లింక్డ్ లిస్టును, అంటే గొలుసులా ఒకదానికొకటి కట్టిన డేటాను, తిరగెయ్యమన్నారు. అప్పటికి అలాంటివి ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. 'ప్రివియస్', 'కరెంట్' అని రెండు పేర్లు రాశాను. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. వెనక ఎవరో పెన్ను టక్కుటక్కుమనిపిస్తున్నారు. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు, ఇంకేమీ తోచలేదు. పది నిమిషాల తర్వాత థాంక్యూ చెప్పి పంపించేశారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి అదే ప్రోగ్రామ్ రాశాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఒక్క తప్పు లేదు. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

చాలా ఏళ్లు ఇది నా పిరికితనం అనుకున్నాను. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి చేసిన ఒక అధ్యయనం చదివాక ఆ మాట వదిలేశాను. 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇంటర్వ్యూ మాదిరి ప్రశ్న ఇచ్చారు. కొందరు చూస్తున్న మనిషి ముందు, పైకి చెబుతూ బోర్డు మీద రాయాలి. కొందరు గదిలో ఒంటరిగా రాసుకోవచ్చు. మనిషి చూస్తున్నప్పుడు ఫలితం సగానికి పైగా పడిపోయింది. అందులో ఇంకో సంగతి ఉంది. మనిషి ముందు రాసిన ఆడపిల్లల్లో ఒక్కరూ నెగ్గలేదు. ఒంటరిగా రాసినవారిలో అందరూ నెగ్గారు. 48 మంది అంటే చిన్న సంఖ్యే, దాన్ని పట్టుకుని పెద్ద పెద్ద మాటలు చెప్పకూడదు. కానీ మెట్ల మీద నేను రాసుకున్న కాగితం గురించి నాకెవరూ చెప్పని సంగతి అది చెప్పింది. మీ విషయంలో వెనక మనిషి లేకపోయినా, తెర మూలన తగ్గిపోతున్న గడియారం ఉంది. పగలంతా పని చేసి, రాత్రి రెండు గంటలు చదివి, నిద్ర చాలని తలతో దాని ముందు కూర్చున్నారు.

అసలు ఈ టెస్టులే వద్దంటానా అంటే, అనను. 2007లో జెఫ్ ఆట్‌వుడ్ అనే ప్రోగ్రామర్ రాసిన ఒక వ్యాసం మా వృత్తిలో పెద్ద చర్చ లేపింది. 1 నుంచి 100 దాకా అంకెలు అచ్చువేస్తూ, 3తో భాగించబడితే 'ఫిజ్' అని, 5తో అయితే 'బజ్' అని, రెంటితోనూ అయితే 'ఫిజ్‌బజ్' అని వేయాలి. ఇంత చిన్నది కూడా దరఖాస్తు చేసేవారిలో చాలామంది రాయలేకపోతున్నారని దాని సారాంశం. కుర్చీకి అటువైపు కూర్చున్నాక నేనూ అలాంటివారిని చూశాను. ఒక్క ఉద్యోగానికి కుప్పలుగా దరఖాస్తులు వచ్చినప్పుడు ఏదో ఒక జల్లెడ పట్టక తప్పదు. నా అభ్యంతరం జల్లెడ మీద కాదు, దాని కన్నాల సైజు మీద. ఫిజ్‌బజ్ రాయలేనివాళ్లను ఆపడానికి పెట్టిన జల్లెడ కాస్తా, ముందే ఆ లెక్క చూసి ఉన్నవాళ్లను తప్ప అందరినీ ఆపేలా మారిపోయింది.

'చూసి ఉన్నవాళ్లు' అని ఊరికే అనలేదు. మీ 240లో తప్పకుండా ఉండే లెక్క ఒకటి చెబుతాను. అంకెల వరుస ఇస్తారు, అందులో కొన్ని మైనస్ అంకెలు ఉంటాయి. పక్కపక్కన ఉన్న ఏ ముక్క కూడితే ఎక్కువ మొత్తం వస్తుందో చెప్పాలి. టెస్టుల్లో దీన్ని ఇరవై నిమిషాల ప్రశ్నగా ఇస్తారు. దీని చరిత్ర చూడండి. 1977లో ఉల్ఫ్ గ్రెనాండర్ అనే గణితవేత్తకు బొమ్మల్లో నమూనాలు వెతికే పనిలో ఈ సమస్య ఎదురైంది. ఆయన మొదటి పద్ధతి చాలా నెమ్మది. తర్వాత దాన్ని కొంత మెరుగుపరిచారు. మైఖేల్ షామోస్ ఒక రాత్రి ఆలోచించి ఇంకా వేగమైన పద్ధతి కనిపెట్టారు. ఆ తర్వాత జోసెఫ్ కడానే అనే గణాంక శాస్త్రవేత్త సంగతి విని, ఒక్క నిమిషంలో, వరుసను ఒకేసారి చదివి తేల్చే పద్ధతి చెప్పారు. అంతటివాళ్లు ముగ్గురు మెట్టు మెట్టుగా ఎక్కిన దారి అది. టెస్ట్ మాత్రం ఆఖరి మెట్టు మీద నిలబడమంటుంది. అక్కడ ఇరవై నిమిషాల్లో నిలబడినవాళ్లలో ఎక్కువమంది ఆ మెట్టును ముందే చూసినవాళ్లు. అది తప్పేం కాదు, నేర్చుకోవడం అంటే అదే. కాకపోతే తెలివికి కొలత కాదు. కాబట్టి దీన్ని డ్రైవింగ్ లైసెన్స్ పరీక్షలాగా విడిగా నేర్చుకోవాల్సిన విద్య అనుకోండి, మీ విలువకు తీర్పు అనుకోకండి.

ఇప్పుడు ఆ పోయిన నాలుగు టెస్ట్ కేసుల సంగతి. దాచిపెట్టిన కేసులు చాలావరకు రెండు రకాలు. ఒకటి, ఇన్‌పుట్ చాలా పెద్దది. ప్రశ్న అడుగున 'ఎన్ విలువ 1,00,000 వరకు' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది (ఎన్ అంటే ఎన్ని అంకెలు ఇస్తారో). కథంతా వదిలేసి ముందు ఆ లైను చదవండి. లూపులో లూపు పెడితే లక్ష ఇంటూ లక్ష, అంటే వెయ్యి కోట్ల అడుగులు. సెకనుకు సుమారు పది కోట్ల చిన్న పనులు అవుతాయని మేం మోటుగా లెక్క వేసుకుంటాం. అంటే వంద సెకన్లు, టైమ్ లిమిట్ ఎప్పుడో దాటిపోతుంది. అదే ముందు సార్ట్ చేసి (వరుసలో పేర్చి) ఆలోచిస్తే లక్షను 17తో హెచ్చించినంత, దాదాపు 17 లక్షలు. రెప్పపాటు పని. 'ఎన్ విలువ 20 వరకు' అని ఉంటే మాత్రం అన్ని కలయికలూ ప్రయత్నించినా సరిపోతుంది, భయపడకండి. ఆ ఒక్క లైనే ఏ దారిన పోవాలో సగం చెప్పేస్తుంది.

రెండో రకం, అంచుల దగ్గరవి. ఖాళీ వరుస, ఒకే అంకె, అన్నీ ఒకటే అంకెలు, అన్నీ మైనస్‌లు, కూడితే కంప్యూటర్ ఒక అంకెకు ఇచ్చే చోటులో పట్టనంత పెద్ద అంకెలు. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో (వరుసను సగానికి సగం తగ్గిస్తూ వెతికే పద్ధతి) ఇలాంటి తప్పే ఒకటి తొమ్మిదేళ్ల వరకు ఎవరి కంటా పడలేదు. మధ్య స్థానం కోసం రెండు చివరలను కూడి రెండుతో భాగిస్తారు. ఆ కూడిక 2,14,74,83,647 దాటితే మైనస్‌లోకి తిరిగిపోతుంది. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో తానే ఆ సంగతి బయటికి చెప్పారు. మా వృత్తిలో పేరున్న మనిషి, గడియారం లేకుండా రాసిన కోడ్ అది. మీరు 70 నిమిషాల్లో నాలుగు అంచులు వదిలేస్తే సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఈ ఐదింటిని ఒక కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టుకోండి. సబ్మిట్ నొక్కే ముందు ఒక్కోదాన్నీ మీ కోడ్‌లో వేలు పెట్టి నడిపించండి. కాగితం ఉంచుకోవచ్చో లేదో టెస్ట్ నియమాల్లో చూసుకోండి. వద్దంటే కంఠతా పట్టండి.

ఇక ప్రాక్టీస్. కొత్త ప్రాబ్లమ్స్ ఆపేయండి. 240 చాలు. వాటిలోంచి ఒక్కో పద్ధతికి కొన్ని చొప్పున నలభై ఏరుకోండి: హ్యాష్ మ్యాప్‌వి, రెండు చివరల నుంచి నడిచేవి, జారే కిటికీవి, ట్రీలు, గ్రాఫులు, బైనరీ సెర్చ్, కాస్త డైనమిక్ ప్రోగ్రామింగ్. పాత జవాబు చూడకుండా మళ్లీ రాయండి. ప్రతిదాని కింద ఒక్క వాక్యం, 'ఇక్కడ నాకు ఈ పద్ధతి ఎందుకు తట్టాలి' అని మీ మాటల్లో రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే అది మీకు రాలేదు, గుర్తుందంతే. రోజుకు గంట చాలు. రాత్రి పదకొండుకు మొదలుపెట్టడం మాత్రం మానండి. వారంలో మూడు రోజులు పొద్దున్నే సమయం దొరికితే అదే మేలు.

ఒక్క మాట ఇంకా. ఏడు చోట్లా మీరు ముందు తలుపు నుంచే వెళ్లారు. మీతో పనిచేసి వేరే చోటికి వెళ్లినవాళ్లు ఉంటారు. ఆ బిల్లింగ్ సంగతి కళ్లారా చూసినవాళ్లు. వాళ్లకు రాయండి. మొహమాటపడకండి. ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో 'హైరింగ్ వితౌట్ వైట్‌బోర్డ్స్' అని ఒక జాబితా ఉంది. ఇలాంటి పజిల్ లెక్కలు కాకుండా రోజువారీ పనికి దగ్గరగా ఇంటర్వ్యూ చేసే సంస్థల పేర్లు అందులో పోగు చేస్తున్నారు. దానిలోంచి ఒక పది ఎంచుకోండి. మీ రెజ్యూమేలో మొదటి లైను 'ఆరు గంటల నుంచి నలభై నిమిషాలకు' అని ఉండాలి. ఉందా?

ప్రశ్న: మేడమ్ గారూ, ఒక కంపెనీ ఇంటి దగ్గర చేసుకోమని అసైన్‌మెంట్ ఇచ్చింది. నాలుగు గంటల పని అన్నారు. లాగిన్, సెర్చ్, రిపోర్టు, టెస్టులు, డాకర్ (ప్రోగ్రామ్‌ను ఎక్కడైనా నడిచేలా కట్టిపెట్టే సాధనం) అన్నీ కావాలన్నారు. నాకు శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం రాత్రి దాకా పట్టింది. పంపి ఐదు వారాలైంది. రెండుసార్లు మెయిల్ చేశాను. జవాబే లేదు. ఇప్పుడు ఇంకో కంపెనీ కూడా ఇలాంటిదే ఇచ్చింది. చేయాలా, మానాలా?

జవాబు: ఐదు వారాల మౌనం మీ కోడ్ మీద వ్యాఖ్య అనుకోకండి. అది మర్యాద లేకపోవడం, అంతే. ఒక మనిషి రెండున్నర రోజులు తీసుకున్నారు. ఒక్క వాక్యం తిరిగి రాయడానికి నిమిషం పట్టదు. దీనికి నేను ఎవరినీ సమర్థించను.

రెండోదాన్ని వెంటనే మొదలుపెట్టకండి. ముందు రిక్రూటర్‌కు మూడు ప్రశ్నలు పంపండి: దీన్ని ఎవరు చదువుతారు, చదివాక నాతో కూర్చుని మాట్లాడతారా, ఎన్ని రోజుల్లో చెబుతారు. వీటికి సూటిగా జవాబు వస్తే చేయండి. రాకపోతే మీ వారాంతం మీ ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. మంచి సంస్థలు ఈ ప్రశ్నలకు నొచ్చుకోవు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటోమాటిక్ సంస్థ అభ్యర్థుల చేత ట్రయల్ ప్రాజెక్ట్ చేయించి, దానికి డబ్బు కూడా చెల్లిస్తుంది. అందరూ ఇవ్వకపోవచ్చు, కానీ అడగడంలో తప్పు లేదు.

చేయాలనుకుంటే, వాళ్లు నాలుగు గంటలన్నారు కాబట్టి మీరు ఐదో గంట దగ్గర ఆపండి. ఒక్క భాగం పూర్తిగా, టెస్టులతో సహా, శుభ్రంగా రాయండి. మిగతావి రీడ్‌మీలో (కోడ్‌తో పాటు పంపే వివరణ ఫైలులో) రాయండి: ఇవి చేయలేదు, చేస్తే ఇలా చేస్తాను, ఈ ఇబ్బంది వస్తుందని అనుకుంటున్నాను అని. ఇలాంటివి నేను చాలా దిద్దాను. అన్నీ సగం సగం అతికించిన ప్రాజెక్ట్ కంటే, ఒక్కటి నికరంగా చేసి మిగతాది నిజాయితీగా చెప్పినదే నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. అడిగినది వాళ్ల సొంత ప్రొడక్టులో రేపు పెట్టుకోగల ఫీచర్‌లా కనిపిస్తే, ఇది మీ పనే కదా అని మర్యాదగా అడిగి, చేయనని చెప్పండి.

ప్రశ్న: కెమెరా పెట్టి టెస్ట్ రాయిస్తున్నారు. నేను ఆలోచించేటప్పుడు పైకప్పు వైపు చూస్తాను. అది కాపీ కింద లెక్కేస్తారేమోనని టెన్షన్. పైగా అందరూ ఏఐ వాడేస్తున్నారు, వాడకపోతే నేనే వెనకబడతానని స్నేహితులు అంటున్నారు.

జవాబు: టెస్టుకు ముందే, 'ఆలోచించేటప్పుడు కళ్లు పక్కకు తిప్పుతాను, రఫ్ కాగితం వాడతాను, పర్వాలేదా' అని మెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి. తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి అది ఉంటుంది. కెమెరా కోసం తల కదపకుండా కూర్చోవద్దు, ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

ఏఐ వాడొచ్చని రాసి ఉంటే మొహమాటం లేకుండా వాడండి, ఎక్కడ వాడారో చెప్పండి. వద్దని ఉంటే వాడకండి. తర్వాతి రౌండులో మీ కోడ్ ముందు పెట్టి, 'ఈ లైను ఎందుకు' అని అడుగుతారు. నేనూ అడుగుతాను. అప్పుడు పడే నరకం రిజెక్ట్ మెయిల్ కంటే పెద్దది.

ప్రశ్న: నేను టీమ్ లీడ్‌ని. మా టీమ్‌కు ఇద్దరిని తీసుకోవాలి. టెస్ట్ నన్నే తయారుచేయమన్నారు. ఇంటర్నెట్‌లో దొరికే లెక్కలు ఇవ్వడం నాకిష్టం లేదు. కానీ ఏదో ఒక కొలత లేకపోతే మొహం చూసి తీసుకున్నట్టవుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ ఉత్తరం చూసి నాకు చాలా సంతోషమేసింది. మిగతా మూడు ఉత్తరాలకు అసలు మందు మీ చేతిలో ఉంది.

ఉద్యోగ ఎంపికల మీద శాస్త్రీయంగా జరిగిన పని చాలానే ఉంది, మా వృత్తిలోనే దాన్ని చదవరు. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూశారు. ఎంపిక పరీక్షలో వచ్చిన మార్కుకూ, తర్వాత చేసిన పనికీ ఎంత పొంతన ఉందో సున్నా నుంచి ఒకటి మధ్యలో కొలిచారు. అసలు పనినే కాస్త చేయించి చూసే పరీక్షకు 0.54, ముందే రాసుకున్న ప్రశ్నలు అందరినీ ఒకేలా అడిగే ఇంటర్వ్యూకు 0.51 వచ్చాయి. 2022లో సాకెట్ అనే పరిశోధకుడి బృందం ఆ లెక్కలను సరిదిద్దింది. దాదాపు అన్నీ కిందికి దిగాయి. ఒకేలా అడిగే ఇంటర్వ్యూ 0.42తో అన్నిటికంటే పైన నిలిచింది, పని చేయించే పరీక్ష 0.33కు వచ్చింది. అంటే అత్యుత్తమ పద్ధతి కూడా ఒకటికి చాలా దూరంలో ఉంది. ఈ సంగతి గుర్తున్న మనిషి ఒక్క టెస్ట్ మార్కు చూసి ఎవరినీ తీసిపారేయలేరు.

మా టీమ్‌లో ఇప్పుడు ఇలా చేస్తున్నాం. నిజంగా మాకొచ్చిన ఒక బగ్‌ను చిన్నది చేసి, రెండు వందల లైన్ల కోడ్‌తో ఇస్తాం. నిరుడు తేదీలకు సంబంధించింది ఇచ్చాం: నెల చివరి రోజున మాత్రమే తప్పుగా నడిచే రిపోర్టు. తప్పు వెతకాలి, అది పట్టుబడేలా ఒక టెస్ట్ రాయాలి, సరిచేయాలి. ఇంటర్నెట్‌లో ఏదైనా వెతుక్కోవచ్చు. ప్రశ్న చెప్పాక నేను ఇరవై నిమిషాలు గదిలోంచి బయటికి వెళ్లిపోతాను. వీడియో కాల్ అయితే కెమెరా ఆపేస్తాను. తిరిగొచ్చాక, ఏం చూశారు, ఏం ప్రయత్నించారు, ఏది పనిచేయలేదు అని మాట్లాడుకుంటాం. దేనికి ఎన్ని మార్కులో ముందే కాగితం మీద ఉంటుంది, అందరికీ అదే కాగితం. తీసుకోలేకపోయినవారికి ఎక్కడ ఆగారో మూడు లైన్లలో రాసి పంపుతాం. దానికి నాకు ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతుంది.

ఇది మొదలుపెట్టడానికి ముందు మేం ఇంకో పని చేశాం. అప్పటిదాకా వాడుతున్న పాత ఆన్‌లైన్ టెస్టును మా టీమ్‌లో ఆరుగురం, అదే గడియారంతో, ఎవరి గదిలో వాళ్లం కూర్చుని రాశాం. నెగ్గింది ఇద్దరు. ఓడిన నలుగురిలో నేనూ ఉన్నాను. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే మేమంతా మొదట ఫోన్ చేసే మనిషి కూడా ఉన్నారు. ఆయన్ను తీసుకున్నప్పుడు ఆ టెస్ట్ పెట్టి ఉంటే ఆయన మా దగ్గరకు వచ్చేవారే కాదు. మర్నాడే దాన్ని తీసేశాం.

మీరు తయారుచేసే టెస్టును బయటివాళ్లకు ఇచ్చే ముందు మీ టీమ్ చేత రాయించండి. మీరూ రాయండి. ఎంతమంది గట్టెక్కారో నాకు ఉత్తరం రాస్తే, మీరు వద్దనకపోతే, ఇదే పేజీలో వేస్తాను.